మాట్లాడని వాళ్లకి ఫార్మసీలో మార్కులు రావా?

నాలుగో_సెమ్:
బీఫార్మసీ రెండో ఏడాది నాది. చిన్నప్పటి నుంచీ నాకు నోరు లేదంటారు ఇంట్లో. మొన్న హాస్టల్లో అందరం ఫోన్‌లో ఆ పదహారు రకాల పర్సనాలిటీ టెస్టు రాశాం. నాకు ఇంట్రోవర్ట్ అని వచ్చింది. మా రూమ్మేట్ గలగలా మాట్లాడుతుంది, ఫార్మకాలజీ సెషనల్‌లో (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) దానికి నాకంటే ఆరు మార్కులు ఎక్కువ. ల్యాబ్ వైవాలో ప్రొప్రనొలాల్ అనే మందు ఒంట్లో ఏ రిసెప్టర్‌ని (మందు పట్టుకునే చోటు) అడ్డుకుంటుందని అడిగారు. బీటా అని తెలుసు, ఒకటా రెండా అని తడబడి గొంతు పెగల్లేదు. నా స్వభావానికి ఈ కోర్సు పనికిరాదా?

గోళీ_సోడా:
ఆ టెస్టు నేను మూడుసార్లు రాస్తే మూడు రకాలు వచ్చాయి. పడుకోమ్మా.

ల్యాబ్_కోటు:
పాఠం చెప్పేదాన్ని, పదకొండేళ్లుగా. లెక్క చూద్దాం రా. పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) సిలబస్‌లో థియరీకి 100. అందులో టీచర్‌తో మాట్లాడితే వచ్చేవి 3. ప్రాక్టికల్ ఎక్స్‌టర్నల్ 35లో వైవాకి 5. నోరు విప్పకపోతే పోయేవి ఈ చిల్లరే. పైగా సెషనల్ రాతపరీక్ష కదమ్మా! ఆ ఆరు మార్కులు నీ మౌనం తినలేదు.

2009లో ఆర్థర్ పోరోపాట్ అనే పరిశోధకుడు స్వభావానికీ మార్కులకీ సంబంధం మీద వచ్చిన పాత అధ్యయనాలు ఎన్నో కలిపి చూశాడు. మనిషి స్వభావాన్ని కొలవడానికి వాడే ఐదు గుణాల్లో మార్కులతో గట్టిగా ముడిపడింది ఒక్కటే: పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయడం. కలివిడితనానికి పెద్ద సంబంధం కనబడలేదు. మా ల్యాబ్‌లోనూ అంతే. బ్యూరెట్ దగ్గర కబుర్లు చెప్పే పిల్లలు రంగు మారగానే ఆపాల్సిన ఎండ్ పాయింట్ దాటించేస్తారు.

వైవాలో గొంతు పట్టేయడం మాత్రం వేరే సంగతి, అది భయం. "మేడం, రాసి చూపించనా?" అని అడుగు. నేనైతే సరేనంటాను. అన్నట్టు ఆ ప్రొప్రనొలాల్ బీటా ఒకటినీ రెండునీ కూడా అడ్డుకుంటుంది. రెండోదాన్ని అడ్డుకుంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి, అందుకే ఆస్తమా ఉన్నవాళ్లకి ఇవ్వరు.

వార్డు_డ్యూటీ:
మేడం, ఒక మాట. నేను ఫార్మ్‌డీ, అంటే ఆస్పత్రి వార్డుల్లో పనిచేసే ఫార్మసీ కోర్సు. మార్కుల వరకూ మీ లెక్క సరే, వార్డులో మాట్లాడక తప్పదు. నేనూ మితభాషినే. మొదట్లో పేషెంటు మంచం దగ్గరకెళ్లాలంటే కాళ్లు వణికేవి. ఇప్పుడు ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో తాతలకి చెబుతుంటా. వాళ్లు నా ముందు చేసి చూపించేదాకా కదలను. బాగా మాట్లాడే మావాడొకడు గడగడా చెప్పేసి పక్క మంచానికి పోతాడు.

నాలుగో_సెమ్:
థాంక్యూ మేడం, థాంక్యూ అన్నా. రాత్రి రూమ్మేట్‌ని గమనించా. రికార్డు ఏ రోజుది ఆ రోజే రాసేస్తోంది. నావి ఆరు ప్రయోగాలు బాకీ. ఇంకో సంగతి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. 'ఒలాల్ అంటే బీటా, జోసిన్ అంటే ఆల్ఫా' అని అది గోడకి చీటీలు అంటించింది. నా మంచం వైపు గోడకే. రెండు నెలలైంది.