‘చిలకలా కొలికిరో’: ఆ ‘లా’ ఎక్కడిది?

ఒత్తక్షరం:
వంశీ తీసిన ‘అన్వేషణ’ సినిమా (1985) మీద ఎవరి అభిప్రాయం చదివినా అడవి, పులి, ఇళయరాజా నేపథ్య సంగీతం, హంతకుణ్ణి చివరిదాకా దాచిన తీరు, ఈ నాలుగే. పాటల దగ్గరికొచ్చేసరికి ‘అద్భుతం’ అని దాటేస్తారు. నా పేచీ మొదటి పాదంతోనే: ‘కీరవాణి చిలకలా కొలికిరో పాడవేమే’. చిలకలకొలికి ఒకే మాట కదా, నడుమ ‘లా’ అని దీర్ఘమెందుకు? ‘చిలకలాగా’ అన్న అర్థం ఉద్దేశించారా? కొన్నిచోట్ల ‘కలికిరో’ అని కూడా రాసి ఉంది. ఏది సరైనది?

యతిభంగం:
దీర్ఘం బాణీది, మాటది కాదు. చిలకలా, కొలికిరో, ఆ వెంటనే వచ్చే వలపులే, తెలుపగా. నాలుగూ మూడు లఘువుల మీద గురువు, అంటే నాలుగూ నగాలే. ‘చిలకల’ అని కురచగా పలికితే నాలుగూ లఘువులై నలమవుతుంది, ఒక మాత్ర తరుగుతుంది. ద్విపదలోనైతే నగమూ నలమూ రెండూ ఇంద్రగణాలే గనక చెల్లిపోయేది. బాణీ ఐదు మాత్రలు అడిగినచోట నాలుగే ఇస్తే గాయకుడు ఎలాగూ సాగదీస్తాడు. ఆ సాగదీతను నెట్‌లో సాహిత్యం ఎక్కించేవాళ్ళు అక్షరం చేసేశారు. అందులో కవిహృదయం వెతకడం దండగ.

శకటరేఫ:
యతిభంగం గారూ, ఐదు మాత్రలు అడిగితే ఐదు మాత్రల మాట దొరకని కవా వేటూరి? గాయకుడు సాగదీస్తాడులే అని మాటను కుంటిగా వదిలేశారంటే నమ్మను. ‘చిలకలా’ అన్నది తెలిసి వేసిన దీర్ఘమే. చిలకలా పాడవేమే, ఓ కొలికీ అని అన్వయం. నాయిక పక్షుల కూతల మీద పరిశోధన చేస్తూ అడవికొచ్చిన మనిషి. ఆమెను పక్షిలా పాడమనడంలో వింతేముంది? కథ తెలిసి రాసిన పాట అది.

నిఘంటుపురుగు:
‘కొలికీ’ అని ఒక్కదాన్నే సంబోధించగా ఎక్కడైనా చూశారా? చిలకలకొలికి అంటే అందగత్తె. చిలకల్ని తీసేస్తే కొలికి ఆడమనిషి కాదు, వస్తువు. కంటి కొస, లేదా నగ రెండు కొసలూ కలిసే చోటు. ‘ఓ కంటి కొసా, చిలకలా పాడు’ అని ఏ నాయకుడూ పిలవడు.

శకటరేఫ:
అందుకేగా ‘కలికి’ అన్న పాఠం పుట్టింది! ‘చిలకలా, కలికిరో, పాడవేమే.’ కలికి అంటే నిక్షేపంగా స్త్రీయే. ‘కలవారి కోడలు కలికి కామాక్షి’ పప్పు కడిగిన నాటినుంచీ ఉన్న మాట. అన్వయం చక్కగా కుదురుతుంది, దీర్ఘానికీ అర్థముంటుంది.

యతిభంగం:
కుదరడం వేరు, ఉండడం వేరు. గణం ప్రకారం కలికిరో కూడా నగమే కాబట్టి ఛందస్సు తేల్చదు, అది ఒప్పుకుంటాను. ప్రాస చూద్దామా అంటే అదీ తేల్చదు. చిలక, కొలికి, వలపు, తెలుపు: నాలుగింటా రెండో అక్షరం లకారం. మూడో అక్షరం మొదటి జంటలో కకారం, రెండో జంటలో పకారం. రెండేసి అక్షరాల ప్రాస ఇంత పొందిగ్గా పేర్చారు. ఇక్కడ ‘కలికి’ వేసినా ఒక్క ప్రాసా చెడదు! తగువంతా తొలి అక్షరపు అచ్చు దగ్గరే. కొ-నా, క-నా.

అడవిపిట్ట:
బాలు గొంతులో ‘కొ’ స్పష్టంగానే వినబడుతుంది కదండీ. ‘క’ అనుకున్నవాళ్ళు ఆ పక్కనున్న వాద్యాలను తగ్గించి వినండి. పెదవి గుండ్రంగా మూసిన తీరు తెలిసిపోతుంది.

శకటరేఫ:
వినికిడి సాక్ష్యమైతే ‘లా’ దీర్ఘం కూడా అంతే స్పష్టంగా వినబడుతుంది. ఒక అక్షరానికి చెవిని నమ్మి, దాని ముందరి అక్షరానికే నమ్మకపోవడం ఏం న్యాయం?

యతిభంగం:
గాయకుడు అచ్చు నిడివి పెంచుతాడు, అచ్చునే మార్చడు. ‘క’ను ‘కొ’గా పాడితే తప్పు పాడినట్టు. ‘ల’ను ‘లా’గా పాడితే పాట పాడినట్టు. రెండూ ఒకటెలా అవుతాయి? మరో ఆధారం. ఇదే బాణీకి తమిళ డబ్బింగులో ‘కీరవాణి, ఇరవిలే, కనవిలే, పాడ వా నీ’ అని ఉంది. ఇరవిలే, కనవిలే రెంటికీ చివర ‘లే’. అరవంలో అది సహజంగానే దీర్ఘం. ‘పాడ వా నీ’కీ మన ‘పాడవేమే’కీ గురులఘువులు పొల్లుపోకుండా సరిపోతాయి, గురువు, లఘువు, రెండు గురువులు. అంటే ఆ స్థానంలో దీర్ఘం కావాలన్నది బాణీయే. భాష ఏదైనా దాని కోరిక అదే.

శకటరేఫ:
సరిగ్గా నేను చెప్పేదీ అదే. బాణీ దీర్ఘం అడిగింది. తమిళ కవి నికరమైన దీర్ఘం ఇచ్చాడు. మన కవి మాత్రం అప్పు దీర్ఘం ఇచ్చాడంటారా?

అర్ధసున్న:
ఈ వాదన ఛందస్సులో తెమలదు గానీ అర్థం వైపునుంచి రండి. తెలుగులో చిలక పలుకుతుంది, కోయిల పాడుతుంది. ‘చిలకపలుకులు’ అంటాం, ‘చిలకపాట’ అనం. ‘చిలకలా పాడు’ అని పొగిడితే ఏ గాయనీ సంతోషించదు, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పమన్నట్టు ఉంటుంది. పైగా ‘కీరవాణి’ అనడంలోనే చిలకపలుకుల దానా అనేశాక, వెంటనే చిలకలా అంటే పునరుక్తి.

ఇంకొక మాట. సప్తస్వరాలకు చెప్పే ప్రాణుల పట్టిక చూడండి. షడ్జానికి నెమలి, రిషభానికి ఎద్దు, గాంధారానికి మేక, మధ్యమానికి క్రౌంచం, పంచమానికి కోకిల, ధైవతానికి గుర్రం, నిషాదానికి ఏనుగు. ఏడింట్లో పిట్టలు మూడే, వాటిలో చిలక లేదు. పక్షుల కూతల్లోంచి సంగీతం పుట్టిందని నిరూపించాలని అడవికి వచ్చిన నాయిక ఈ శ్లోకం చదవకుండా వచ్చిందనుకోను.

ఒత్తక్షరం:
ఈ పట్టిక బాగుంది. మరి చిలకలకొలికిలో చిలకలెందుకు? బహువచనం ఎందుకు? అసలు సందేహం దానికీ వర్తిస్తుంది.

నిఘంటుపురుగు:
నిఘంటువులు ‘స్త్రీ’, ‘అందగత్తె’ అని చెప్పి ఊరుకుంటాయి. వ్యుత్పత్తికి రెండు దారులు. ఒకటి కన్ను. కనుకొలకులు అంటాం చూడండి, ఆ కొలకే కొలికి. కంటి కొస చిలక ముక్కులా వంపు తిరిగి, ఎర్రజీర ఉన్నది అని. రెండు కళ్ళు గనక బహువచనం. రెండోది నగ. హారానికి కొసలు కలిపే చోటు కొలికి. అక్కడి పూస కొలికిపూస. అలాంటి నగ పెట్టుకున్నది గనక ఆమెకా పేరు.

చిలక్కొయ్య:
నా ఓటు నగకే. తెలుగువాడికి వంపు తిరిగి దేన్నయినా పట్టుకునే చిన్న వస్తువు కనబడితే చాలు, దానికి చిలక అని పేరు పెడతాడు. గోడకు కొట్టేది చిలక్కొయ్య. తమలపాకు మడిచి లవంగం గుచ్చితే అదీ చిలకే, తాంబూలపు చిలక. కాబట్టి చిలకల కొలికి అంటే ఒక కొసన చిలక, ఇంకో కొసన చిలక, రెండూ ముక్కూ ముక్కూ తగిలించుకునే కొక్కెం. బహువచనం ఎందుకన్న ప్రశ్నకు జవాబూ దొరికింది. కంటి సిద్ధాంతంలో చిలక ముక్కు అనాలి గానీ చిలక అంటే ఎలా?

నిఘంటుపురుగు:
నగ పేరు మనిషికి ఎలా అంటుకుంది మరి? ‘హారపు కొక్కెమా’ అని పిలిచినట్టు లేదూ? కన్నయితే మీనాక్షి, కమలాక్షి వరసలో కలుస్తుంది. ఆడవాళ్ళకు కంటిని బట్టి పేరు పెట్టడం మన కవిత్వంలో కొత్త కాదు.

చిలక్కొయ్య:
అది సంస్కృతపు వరస. సమాసం చివర ‘అక్షి’ ఉంటే గదా కంటివాళ్ళ జాబితాలో చేరేది. ఇందులో కన్ను అన్న మాటే లేదు, కొస మాత్రమే ఉంది. ఏ కొస అన్నది మీరు కలుపుకున్నారు.

అడవిపిట్ట:
అవతల హత్య కేసు ‘కొలిక్కి వచ్చింది’ అని పేపర్లు రాసేదీ ఈ కొలికేనా? అలాగైతే ఈ సినిమాకు ఇంతకన్నా తగిన మాట ఉండదు.

నిఘంటుపురుగు:
ఆ కొలికే. కొలికికి వచ్చు అంటే కొసకు వచ్చు, ముగింపుకు చేరు. ‘కొలికికి’ని వాడుక ‘కొలిక్కి’ చేసింది. అయితే దీన్నిబట్టి ఆ పాటలో హంతకుడి సూచన ఉందని మాత్రం దయచేసి ఎవరూ మొదలెట్టొద్దు.

శకటరేఫ:
నేను మొదలెట్టేవాణ్ణే, మీరు అడ్డం పడ్డారు. అయినా సినిమా చూసినవాళ్ళలో కొందరు ‘హత్యల కథ బిగువుగా నడుస్తుంటే మధ్యలో పాటలేమిటి’ అని విసుక్కుంటారు గదా, వాళ్ళకు చెప్పాల్సింది ఇది. మామూలు సస్పెన్సు సినిమాలో పాట కథను ఆపుతుంది. ఇక్కడ నాయిక అడవిలోకి వెళ్ళడానికి సంగీతమే కారణం. ఆమె చెవి పక్షుల మీద ఉంటుంది, మన చెవి ఇంకేం చప్పుడవుతుందా అని ఉంటుంది. ఎం.వి. రఘు కెమెరా ఆకుల చాటునుంచి చూస్తుంటే, పాటలో కూడా వెనక ఎవరో ఉన్నారనే అనిపిస్తుంది. వంశీ పాటను విశ్రాంతికి వాడలేదు.

అర్ధసున్న:
మొదటి సగం మీద ఆ మాట ఒప్పుకుంటాను. గుట్టు విప్పే భాగంలో మాటలు ఎక్కువై బిగువు సడలిందని నా అభిప్రాయం. అప్పటిదాకా చప్పుళ్ళతో భయపెట్టినవాడు చివర్లో వివరణలకు దిగాడు. (చూడనివాళ్ళున్నారు, హంతకుడి పేరు ఎవరూ రాయకండి.)

యతిభంగం:
పాట దగ్గరికి రండి. కీరవాణి అన్న మేళకర్త (మాతృరాగం) పేరునే పాటకు తొలిమాట చేశారు. పాట నడిచేదీ ఆ రాగంలోనే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. రాగం పేరులోని అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది లెక్కలో ‘కీ’ ఒకటి, ‘ర’ రెండు, తిరగేస్తే 21. రాగముద్ర తెచ్చి సంబోధనగా వాడుకున్నాడంటే ఆ కవికి ఒక దీర్ఘం పెద్ద లెక్క కాదు. శ్లేష ఎక్కడ కావాలో అక్కడ పెట్టాడు, ‘కీరవాణి’లో. ‘చిలకలా’లో రెండో శ్లేష వెతకడం అత్యాశ.

శకటరేఫ:
శ్లేషకు రేషను కార్డు ఉందని తెలియదు.

అర్ధసున్న:
వేటూరి సాక్ష్యం వేటూరి దగ్గరే తీసుకోండి. ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991)లో ‘కలికి చిలకల కొలికి మాకు మేనత్త’. అక్కడ కలికీ ఉంది, కొలికీ ఉంది, పక్కపక్కనే. రెండూ వేర్వేరు మాటలని ఆయనకు తెలుసు, దేని చోటు దానికిచ్చాడు. ‘చిలకల’ దగ్గర దీర్ఘం లేదు, కొలికితో కలిసే ఉంది. ఆ వెంటనే ‘కలవారి కోడలు’ అని పాత పాటను పిలిచి, కామాక్షి చోట కనకమాలక్ష్మిని కూర్చోబెట్టాడు. చాటుపద్యాలను ఊరూరా ఏరి అచ్చువేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారి కుటుంబంలో పుట్టినవాడికి ఆడవాళ్ళ పాటల్లోని ఇలాంటి మాటలు నిఘంటువులోంచి రావు, ఇంట్లోంచి వస్తాయి. అన్నట్టు ఆ మేనత్త పాటకు స్వరకర్త పేరు కీరవాణి!

శకటరేఫ:
1991లో రాసింది 1985కి సాక్ష్యమా? ‘మొదటిసారి విడగొట్టి వాడాను, రెండోసారి కలిపి వాడతాను’ అని కవి అనుకోకూడదా?

చిలక్కొయ్య:
అనుకోవచ్చు. అప్పుడు ‘కలికిరో’ పాఠం పోతుంది, కొలికి నిలుస్తుంది. విడగొట్టిన కొలికికి అర్థం చెప్పే భారం మీ నెత్తిన పడుతుంది. మళ్ళీ కంటి కొస దగ్గరికే వచ్చారు.

ఒత్తక్షరం:
‘రో’ సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘వినరో భాగ్యము’లోని ‘రో’యేనా ఇది?

నిఘంటుపురుగు:
కాదు. అది ‘వినరు’ మీద ‘ఓ’ చేరినది, అందరినీ ఉద్దేశించి వినమనడం. అక్కడ రేఫ క్రియది. ఇక్కడ కొలికి నామవాచకం, రేఫ ఎక్కడినుంచీ రావాల్సిన పని లేదు. అమ్మరో, అక్కరో, చెలియరో వరసలోది. పిలుపును దూరానికి చేర్చే ‘రో’. అడవిలో పాడుకునే పాటకు బాగానే తగింది.

అడవిపిట్ట:
నాకు అన్నిటికన్నా ‘పాడవేమే’ ముచ్చట. ‘పాడవే’ దాకా వింటే బతిమాలడం, రావే, చూడవే లాగా. ‘మే’ చేరేసరికి వ్యతిరేకార్థం, పాడవు ఏమే అని నిలదీయడం. ఒక్క అక్షరం పడేదాకా అతను అడుగుతున్నాడో, దెప్పుతున్నాడో తెలియదు. బాణీ కూడా ఆ ‘మే’ మీదే కాస్త ఆగుతుంది.

యతిభంగం:
ఇది బాగుంది. అదే రాగంలో త్యాగరాజు ‘కలిగియుంటే గదా’ అని ఆగడం ఇలాంటిదే. కలిగి ఉంటే ఏమిటన్నది పల్లవి పూర్తయ్యేదాకా తెలియదు. ‘కల్గును కామిత ఫలదాయక’ వచ్చాకగానీ వాక్యం నిలబడదు. ఆ కీర్తన ఎత్తుకున్న మంచి గాయకుడు ‘గదా’ దగ్గర తొందరపడడు.

శకటరేఫ:
ఎక్కడి వేటూరి, ఎక్కడి త్యాగరాజు! అయినా మీరు కాకలి నిషాదం దాకా వెళ్ళారు గనక అడుగుతున్నా. ఆ ‘లా’ ఏ స్వరం మీద పడిందో చెప్పండి. ఒకే స్వరం మీద నిలిచిందా, గమకంతో రెండు స్వరాలు తిరిగిందా? నిలిచిపోతే అక్షరం దీర్ఘం, తిరిగితే సాగదీత.

యతిభంగం:
అది మీరిప్పుడు పుట్టించిన సూత్రం. ‘కొలికిరో’లో ‘రో’ నికరమైన దీర్ఘమే, అక్కడా గమకం ఉంది. ముందు దాన్ని సాగదీత అనండి, తర్వాత ‘లా’ సంగతి చూద్దాం.

చిలక్కొయ్య:
మీరు స్వరాలు తేల్చుకునేలోగా నగ సంగతి. ఇవాళ నగల కొట్టులో కొలికి అంటే ఎవరికీ తెలియదు, కొక్కెం అంటారు, లేదంటే ఎస్ హుక్కు. పాతకాలపు కాసులపేరుకో, కంటెకో చిలక ఆకారపు కొక్కెం ఉన్న ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. వెనకవైపునుంచి తీసింది కావాలి, ముందునుంచి తీస్తే పతకమే తప్ప కొక్కెం కనబడదు.

నిఘంటుపురుగు:
పెట్టండి, చూద్దాం. చిలకలు రెండుంటేనే లెక్క. ఒకటే ఉంటే అది కంటికే చెల్లుతుంది.

చిలక్కొయ్య:
ఒక కంటికా?