ముక్కు గొట్టంలో పాంటాప్, మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్‌కు బదులేమిటి?

అనంతపురంలో వృద్ధాశ్రమం. ముక్కు గొట్టంతోనే రాగిజావ, మందులు అందుకునే పెద్దవాళ్లు ముగ్గురున్నారు. ఒక్కో మాత్రను విడిగా మెత్తగా నూరి, 15 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కలిపి ఎక్కిస్తున్నాం. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు. అయినా గొట్టం మూసుకుపోతోంది. జావ వడగట్టకపోవడం ఒక తప్పు, దిద్దుకున్నాం. అసలు చిక్కు పాంటాప్రజోల్ (పాంటాప్, ఎసిడిటీ మాత్ర): పైపూత నూరినా కరగదు, పొట్టులా గొట్టానికి అతుక్కుంటుంది. పైగా పూత పోతే కడుపులో ఆమ్లానికి మందే పాడవుతుంది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (నిదానంగా విడుదలయ్యే రకం) నూరితే రోజంతా నిదానంగా దిగాల్సింది ఒక్కసారే దిగుతుంది.

వీటికి బదులు డాక్టరుగారిని ఏ రూపంలో రాయమని అడగాలి? సిరప్పా, సాచెట్టా? కర్నూలు, కడప మెడికల్ షాపుల్లో దొరికేవే చెప్పండి. ఇంకోటి: ఫిట్స్ మందు ఫెనిటాయిన్ సిరప్‌కు ముందు గంట, తర్వాత గంట జావ ఆపుతున్నాం. ఇన్సులిన్ మీదున్న మనిషికి ఆ ఖాళీలో షుగర్ పడిపోకుండా మీరు వేళలు ఎలా సర్దుతున్నారు?