అప్‌డేట్: మానవశాస్త్రంలో చేరాను, క్షేత్రపర్యటన కూడా ముగిసింది

బీఎస్సీలో జంతుశాస్త్రం చదివినవారు మానవశాస్త్రంలో (ఆంత్రోపాలజీలో) పీజీ చేయవచ్చునా, చేస్తే ఆ తర్వాత చేసే పని ఏమిటి అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, పాడేరు మన్యంలో మొదటి క్షేత్రపర్యటన పూర్తిచేశాను.

అక్కడ పని ఇంటింటి జనగణనతో, వంశావళుల సేకరణతో మొదలవుతుంది. ఎవరి కూతురిని ఏ ఊరికి ఇచ్చారో, ఏ ఇంటిపేర్ల వారు వియ్యమందుకోరో ఓపికగా రాసుకుంటూ పోతే, భూమి తగాదాల మొదలు పండుగ పెద్దరికం వరకు ఎన్నో విషయాల వెనుకనున్న బంధుత్వం బయటపడుతుంది. నా మటుకు ప్రశ్నావళి కంటే వారపు సంతకు వారితో కలిసి నడవడమే ఎక్కువ నేర్పింది. విన్నదంతా ఏ రాత్రికి ఆ రాత్రి రాయడం మాత్రం విసుగు పుట్టించే పనే.

ఈ చదువు ఎవరికి ఉపయోగమని ఒకరు అడిగారు. 1940లో కొమురం భీం మరణించిన తర్వాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో నివసించి చేసిన కృషి ఫలితంగా గోండులకు భూమి పట్టాలు, గోండీ భాషలో బోధించే బడులు వచ్చాయి. అయితే పాలకుల పక్షాన ప్రజలను అధ్యయనం చేయడంలోని చిక్కు కూడా ఆ ఉదాహరణలోనే ఉంది. అది నాకింకా తేలలేదు.

ఉద్యోగాల విషయానికొస్తే, సహాధ్యాయుల్లో చాలామంది సివిల్స్ ఐచ్ఛికాంశంగానే దీన్ని చూస్తున్నారు. నేను 1945లో ఏర్పడిన భారత మానవశాస్త్ర సర్వే ప్రకటనల కోసం చూస్తూ, మన్యంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధిపై ప్రాజెక్టుకు సిద్ధమవుతున్నాను.