పాత మారుతి 800: కూలెంట్ తుప్పు రంగుకు మారింది

ప్రశ్న: ఇది నాన్నగారి 2003 నాటి కారు, అమ్మడానికి మనసు రాదు. నిన్న ఉప్పల్ నుంచి మెహిదీపట్నం చేరేసరికి ఇంజిన్ బాగా వేడెక్కింది. చల్లారాక రేడియేటర్ మూత తీస్తే కూలెంట్ టీ డికాక్షన్‌లా ఉంది, వేలికి ఎర్రటి మడ్డి అంటింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు) పోయిందా?

జవాబు: మడ్డి జిడ్డుగా ఉందా, గరుకుగా ఉందా? ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి నురగ ఉంటే గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

ప్రశ్న అడిగినవారు: గరుకుగానే ఉందండీ. మూత శుభ్రంగా ఉంది. రెండేళ్లుగా బోరు నీళ్లే పోస్తున్నాను.

మరో జవాబు: అయ్యో, అదే కారణం! ఆ నీళ్లకు బకెట్టే తెల్లగా పొర కడుతుంది, రేడియేటర్ సన్నని గొట్టాల సంగతి చెప్పాలా? తేటగా వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, కూలెంట్ సగానికి సగం కలిపి పోయించండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) కూడా చూపించండి.