అప్‌డేట్: కీళ్లనొప్పుల చేతులతో బాబును మంచం నుంచి వీల్‌చైర్‌లోకి మార్చడం

సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పదేళ్ల మా బాబును రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్న నా చేతులతో కుర్చీలోకి ఎలా మార్చాలని ఇంతకుముందు అడిగాను కదండీ. ఫిజియోథెరపిస్ట్ చూపించాక తేలిందిది: ఎత్తడం మానేసి జరపాలి.

కుర్చీని మంచానికి ఆనించి, కాస్త ఐమూలగా పెట్టి రెండు బ్రేకులూ వేయాలి. మంచం వైపు ఆర్మ్‌రెస్ట్, ఫుట్‌రెస్ట్‌లు తీసేయాలి. పరుపు సీటు కంటే ఒక అంగుళం ఎత్తుంటే స్లైడింగ్ బోర్డు (మంచానికీ కుర్చీకీ మధ్య వంతెనలా పెట్టే నున్నటి పలక) మీద తేలిగ్గా జారతాడు. తక్కువుంటే ఎదురెక్కించాలి, ఆ భారమంతా మన మణికట్ల మీదే. బోర్డు అంచు పిరుదు కిందకి బాగా వెళ్లాలి. ఒట్టి చర్మం తగిలితే అతుక్కుని ఒరుసుకుపోతుంది, ప్యాంటు తప్పనిసరి. కూర్చోబెడితే నిలవలేని పిల్లలకు మాత్రం బోర్డు వద్దు, హాయిస్టే (మనిషిని ఎత్తి దించే పరికరం) వాడాలి.

కండరాలు బిగుసుకుపోయే పిల్లల్ని గబుక్కున కదిపితే కాళ్లు నిటారుగా చాచి ముందుకు జారిపోతారు. ముందు తుంటి, మోకాళ్లు మెల్లగా మడిచి, కండరాలు వదులయ్యాకే జరపాలి. వేళ్లతో పట్టుకోకండి, ముంజేతులతో ఆనించి, మన బరువును ఒక కాలి మీంచి రెండో కాలి మీదకు మార్చాలి. మన కీళ్ల పొద్దుటి బిగుతు తగ్గాకే ఈ పని. మన నొప్పి బాగా ఎక్కువైన రోజు ఇంకో మనిషి లేకుండా మొదలుపెట్టొద్దు. మనిషి దొరక్కపోతే ఆ రోజుకి బాబుకి స్నానం మానేసి మంచం మీదే ఒళ్లు తుడిచినా చాలు.