వీడియోలోంచి పాట: ఒలవడమా, మార్చడమా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. వీడియోలోంచి ఆడియో తీసే పని ఏదైనా సరే, మనం 'కన్వర్ట్ చేయడం' అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాం. దానివల్ల నాకు తిరిగిరాని నష్టం జరిగింది, అందుకే ఈ పనికి సరైన తెలుగు మాట ఏదని అడుగుతున్నాను.

మా అమ్మమ్మ మంగళహారతి పాడుతుంటే ఫోన్లో తీసిన 6 నిమిషాల వీడియో ఉండేది. విజయవాడలో ఒక షాపులో ఇచ్చి, పాట మటుకు కన్వర్ట్ చేసిమ్మన్నాను. బాగా కుదించి 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) ఎంపీ3 చేసిచ్చారు, 3 ఎంబీ కూడా లేదు. తర్వాత ఫోన్ పాడై వీడియో పోయింది. ఉన్న ఎంపీ3ని వేవ్ ఫైలుగా, అంటే కుదించని ఆడియోగా మార్చి చూశాను. సైజు 60 ఎంబీ దాటింది గానీ అమ్మమ్మ గొంతులోని జీర మాత్రం రాలేదు. కారంలోంచి మళ్లీ మిరపకాయ రాదు కదా.

నిజానికి శబ్దాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీయడం, దాన్ని వేరే రూపంలోకి మార్చడం రెండు వేరు పనులు. ఎంపీ4 వీడియో ఫైలు ఒక కాయ లాంటిది. లోపల బొమ్మ వేరుగా, శబ్దం వేరుగా ఉంటాయి. శబ్దం ఎక్కువగా ఏఏసీ అనే కుదించిన రూపంలో ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆడియో కోడెక్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) దగ్గర 'కాపీ' అని ఇస్తే, దాన్ని ఉన్నదున్నట్టు తీసి ఎం4ఏ అనే ఆడియో ఫైల్లో పెడుతుంది. క్షణాల్లో అయిపోతుంది, శబ్దంలో ఏమీ మారదు. ఎంపీ3 కావాలంటే మాత్రం విప్పి మళ్లీ కుదించాలి. అలా కుదించిన ప్రతిసారీ కొంత పోతుంది. మొదటిది వేరుశనక్కాయ ఒలవడం, రెండోది మిల్లుకిచ్చి కారం ఆడించడం. మొదటిదాన్ని 'ఒలవడం' అనే అందామా? అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం మనకు తెలిసిందేగా.

తెనాలి నుంచి ఒకరు: బాగుందండీ. కానీ ఒలిస్తే కాయ మిగలదు, ఇక్కడ వీడియో అలాగే ఉంటుంది. పాత ప్రతులను 'ఎత్తి రాయడం' అనేవాళ్లు. 'ఆడియో ఎత్తడం' అంటే?

నేను: మీరన్న తేడా నిజమేనండీ. అయితే 'పాట ఎత్తుకున్నాడు' అంటే పాడటం మొదలుపెట్టాడని. 'ఎత్తేశాడు' అంటే ఇక దొంగతనమే. లోపలి గింజకు దెబ్బ తగల్లేదన్న సంగతి 'ఒలవడం'లో వినపడుతుంది. నాకు కావాల్సింది అదే.

విజయవాడ, సత్యనారాయణపురం నుంచి: 'వెలికితీత' ఉందిగా? 'సంగ్రహణ' కూడా వాడుతున్నారు.

నేను: సంగ్రహం అంటే క్లుప్తం చేయడమని కూడా అర్థం, అది తప్పుదారి పట్టిస్తుంది. వెలికితీత మంచి మాటే గానీ, తీసింది చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో అందులో తెలియదు. షాపులో నిలబడి "మార్చొద్దు, ఒలిచివ్వండి" అనగలగాలి.

మంగళగిరి నుంచి: అన్నా, మీ ఇంట్లో పాత పెళ్లి వీసీడీలు (వీడియో సీడీలు) ఏమైనా ఉన్నాయా? వాటిల్లో ఆడియో ఎంపీ2 అనే రూపంలో, 224 కేబీపీఎస్‌లో ఉంటుంది. సీడీలో వీడియో ఉండే డాట్ (DAT) ఫైల్లోంచి అలాగే ఒలవొచ్చు.

నేను: మా పిన్ని పెళ్లిది ఒకటి ఉంది తమ్ముడూ! హారతి పట్టేటప్పుడు పాడింది అమ్మమ్మే. అప్పట్లో పెళ్లి వీడియోల మీద సినిమా పాటలు వేసేవాళ్లు, అదే నా టెన్షన్. ఆదివారం పిన్ని వాళ్లింటికి వెళ్లి, ఆ హారతి ముక్క వినొచ్చి ఇక్కడే చెబుతాను.