‘ప్రేరిత భూకంపం’ అనాలా, ‘రేగిన అదురు’ అనాలా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. మాది దర్శి దగ్గర పల్లె. పిల్లల కోసం భూకంపాల మీద పాఠం రాస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ఒకచోట పెద్ద భూకంపం వచ్చాక, దాని తాకిడికి ఇంకెక్కడో చిన్నవి పుడతాయి కదా. ఇంగ్లీషులో ట్రిగ్గర్డ్ అంటారు. తెలుగులో ‘ప్రేరిత భూకంపాలు’ అని రాస్తున్నాం. నాకది మింగుడుపడటం లేదు.

మొదటి చిక్కు, మహారాష్ట్రలోని కొయనా లాంటి జలాశయాల దగ్గర వచ్చే వాటిని కూడా ప్రేరితాలే అంటాం. 1967 డిసెంబరు 11న అక్కడ 6.3 తీవ్రతతో వచ్చింది, జలాశయం నీళ్ల వల్ల. ఒక భూకంపం ఇంకో భూకంపాన్ని లేపడం వేరే కథ.

అసలు చిక్కు రెండోది. ప్రేరణ అంటే లేని బుద్ధి పుట్టించినట్టు వినబడుతుంది. దూరాన వచ్చిన భూకంపం నుంచి నేలలో పాకుతూ వచ్చే అలకు అంత బలం ఉండదు. అక్కడి పగులులో ఒత్తిడి ఏళ్ల తరబడి పేరుకుని, తెగడానికి సిద్ధంగా ఉంటేనే ఆ కాస్త కుదుపు పనిచేస్తుంది.

మా నాయనమ్మ 1967 మార్చి నాటి ఒంగోలు భూకంపాన్ని ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. ‘ఆ ఏడు నేల అదిరింది’ అనేది. (అప్పటికి మా దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది, ఒంగోలేమో గుంటూరు జిల్లా. ఇప్పటి పిల్లలు నమ్మరు.) అదురు మనకు ఉన్న మాటే. దానికి ముందు ‘రేగిన’ చేరిస్తే సరిపోతుందనిపిస్తోంది. పుండు రేగింది అంటాం, కందిరీగలు రేగాయి అంటాం. రాయి ఎవరు విసిరినా, అక్కడ తుట్టె ఉంటేనే రేగుతాయి. ఉత్త కొమ్మకు తగిలితే ఏమీ కాదు.

భూమి పైపొర సంగతీ ఇదే. 1992 జూన్ 28న కాలిఫోర్నియాలో లాండర్స్ దగ్గర 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ అలలు చేరాక, 1,250 కిలోమీటర్ల దూరంలో అమెరికాలోనే ఉన్న యెల్లోస్టోన్‌ పార్కులో చిన్న అదురులు మొదలయ్యాయి. మధ్యలో చాలా నేల ఉలకలేదు, పలకలేదు. పదేళ్లకు, 2002 నవంబరులో అలాస్కాలో డెనాలి భూకంపం వచ్చింది, 7.9. మూడు వేల కిలోమీటర్లు దాటి మళ్లీ అదే యెల్లోస్టోన్ రేగింది. అక్కడ కింద వేడి ఎక్కువ, పగుళ్ల నిండా మరిగే నీళ్లు. నీటి ఒత్తిడికి పగులు రెండు ముఖాల మధ్య పట్టు సడలి ఉంటుంది. అల వచ్చి ఆ ఒత్తిడిని కొంచెం కదిపితే చాలు, జారుతుంది. రెండుసార్లు రాయి వేరు, తుట్టె ఒకటే.

పొదిలి సభ్యుడు: అన్నా, మరి 2024 డిసెంబరులో మన ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో మూడు రోజులు వరసగా కదిలింది కదా. అంతకుముందు 4వ తేదీన ములుగులో 5.3 వచ్చింది. అది దాని తోకేనని మా ఊళ్లో అందరూ అన్నారు. రేగిన అదురేనా?

నేను: తమ్ముడూ, తోక అనలేం. 5.3కి నేల లోపల తెగేది కొన్ని కిలోమీటర్ల మేరే. అది చుట్టుపక్కల రాళ్లమీద వేసే శాశ్వతమైన ఒత్తిడి, దూరం పెరిగేకొద్దీ చాలా త్వరగా తగ్గిపోతుంది. ములుగు మనకు దాదాపు 300 కిలోమీటర్లు. అలలైతే వచ్చి ఉంటాయి గానీ నిమిషాల్లో వెళ్లిపోతాయి. మనకు కదిలింది 21న, పదిహేడు రోజుల తర్వాత. కాబట్టి దానికి రేగిన అదురనీ చెప్పలేం.

కావలి నుంచి రిటైరైన జియాలజీ లెక్చరర్ గారు: మాట బాగుంది బాబూ, కానీ ఇంకో సంగతి కలపండి. మన వైపు గట్టి పాత రాయి. కంచు పళ్లెం అంచున కొడితే చివరిదాకా మోగినట్టు, ఇలాంటి రాయిలో అలలు నీరసపడకుండా చాలా దూరం పోతాయి. 2001 జనవరిలో భుజ్ కదిలితే చెన్నైలో తెలిసింది అందుకే. అంటే అలను బాగా మోసే నేల, దానికి రేగే నేల ఒకటే కానక్కర్లేదు. ఇక మెత్తటి ఒండ్రు నిండిన పల్లాల్లో అల చిక్కుకుని ఊపు పెరుగుతుంది. ‘రేగిన’ అన్నప్పుడు, అల నేలను ఊపడం వేరు, అక్కడ కొత్త అదురు రేగడం వేరు అని పిల్లలకు విడదీసి చెప్పాలి. ‘అనంతర ప్రకంపన’ను మాత్రం కదపకండి. పెద్దది తెగిన చోటే, దాని చుట్టూనే సర్దుకునే వాటికి అది సరిగ్గా కుదిరింది.

నేను: తప్పకుండా మాస్టారూ. పళ్లెం పోలిక వాడుకుంటాను, అనుమతి ఇవ్వండి.

ఒంగోలు సభ్యురాలు: ‘రేగిన’ సరే. మా బాబుకు చదివి వినిపిస్తే ‘రేగుపండ్ల భూకంపమా అమ్మా’ అన్నాడు. ‘రేపిన అదురు’ అంటే?

నేను: అక్కా, ‘రేపిన’ అంటే మళ్లీ దోషమంతా రాయి విసిరినవాడి మీదకే పోతుంది. ‘రేగిన’లో తుట్టె కూడా కనబడుతుంది. రేగుపండ్ల సంగతి వాడు క్లాసులో ఒకసారి నవ్వితే తీరిపోతుంది.